వైద్యవిద్యకు ముందు మరో భాష: తీసుకోవాలా, ఆగాలా?

(నెల్లూరులో ఇంటర్మీడియట్ బైపీసీ విద్యార్థులు, వారి తల్లిదండ్రుల సమావేశంలో విశ్రాంత వైద్యుడొకరు చేసిన ప్రసంగానికి లిఖిత రూపం)

వేదిక మీది పెద్దలకు, ఆత్మకూరు, ఉదయగిరి, కావలి, ఒంగోలు వైపుల నుంచి పొద్దున్నే బస్సులు పట్టుకుని వచ్చిన తల్లిదండ్రులకు, ఆదివారం కూడా వీక్లీ టెస్టు రాసి నేరుగా ఇక్కడికి వచ్చి కూర్చున్న పిల్లలకు నమస్కారం.

డాక్టరు కావాలనుకునే విద్యార్థి ఇంటర్ చదువుతున్న రెండేళ్లలో అదనంగా ఒక భాషను నెత్తికెత్తుకోవచ్చా అన్నది నిర్వాహకులు నాకు అప్పగించిన విషయం. మీరు రాసి పంపిన చీటీలన్నీ నిన్న రాత్రి చదివాను. జర్మన్ నేర్పించమంటారా అని అడిగినవారు ఉన్నారు. సంస్కృతమా, తెలుగా అని అడిగినవారు అందరికంటే ఎక్కువమంది. హిందీ ప్రచారసభ పరీక్షలు సగంలో మాన్పించాలంటే మనసొప్పడం లేదని ఒక తల్లి రాశారు. కిర్గిజ్‌స్తాన్ పంపాలనుకుంటున్నామని, ఇప్పటినుంచే రష్యన్ మొదలుపెట్టాలా అని ఒక తండ్రి రాశారు. నా అభిప్రాయాన్ని దాచుకోకుండా మొదటే చెబుతాను. ఏ భాష విషయంలోనైనా చూడవలసింది ఒక్కటే: ఆ భాష మాట్లాడే మనిషి ఎదుట మీ బిడ్డ ఎప్పుడు కూర్చోబోతున్నాడు? ఏడాది, ఏడాదిన్నరలో కూర్చుంటాడనుకుంటే నేర్పించండి. ఆరేడేళ్ల తర్వాతి మాటయితే ఇప్పుడు తొందర లేదు. సీటు వస్తుందనో, సీటు రావడానికి తోడ్పడుతుందనో మాత్రం ఏ భాషనూ తీసుకోవద్దు, ఎందుకంటే ఆ లెక్కలో దానికి చోటే లేదు.

ఎందుకు లేదో ముందు చూద్దాం. నీట్ పరీక్షలో 180 ప్రశ్నలు, 180 నిమిషాలు, 720 మార్కులు. అందులో భౌతికశాస్త్రం 45, రసాయనశాస్త్రం 45, జీవశాస్త్రం 90 ప్రశ్నలు. సరైన జవాబుకు నాలుగు మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు ఒకటి పోతుంది. ఇద్దరికి సమానంగా మార్కులు వస్తే ముందు జీవశాస్త్రం, తర్వాత రసాయనశాస్త్రం, ఆ తర్వాత భౌతికశాస్త్రం మార్కులు చూస్తారు గాని ఎవరికి ఎన్ని భాషలు వచ్చని ఎవరూ అడగరు. అర్హత కోసం ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీతో పాటు ఇంగ్లీషు చదివి ఉత్తీర్ణులై ఉండాలి. అంటే భాషల్లో నిబంధనగా ఉన్నది ఇంగ్లీషు ఒక్కటే. ఇంటర్‌లో వెయ్యికి మీ అమ్మాయికి 985 వచ్చాయా, 940 వచ్చాయా అన్న తేడా కాలేజీవారు వేసే ఫ్లెక్సీలో కనిపిస్తుంది, నీట్ ర్యాంకులో కనిపించదు. వెనుకటి ఎంసెట్ రోజుల్లో ఇంటర్ మార్కులకు 25 శాతం వెయిటేజీ ఉండేది; ఆ వెయిటేజీలో కూడా గ్రూపు సబ్జెక్టులను మాత్రమే లెక్కించేవారు, భాషలను పక్కన పెట్టేవారు.

విదేశాల్లో ఉన్న బంధువులు ఫోన్‌లో చెప్పే మాటల వల్ల కొన్ని ఇళ్లలో ఒక భ్రమ ఏర్పడుతుంది. సైన్సుతో పాటు ఒక భాషో, ఒక కళో ఉంటే దరఖాస్తు నిండుగా కనిపిస్తుందని వారంటారు. బ్రిటన్‌లో వైద్య కళాశాలలు విద్యార్థి రాసుకున్న పరిచయ వ్యాసాన్ని చదువుతాయి, ఇంటర్వ్యూ చేస్తాయి, అందువల్ల వారి మాట పూర్తిగా గాలిలోంచి పుట్టిందేమీ కాదు. అయితే అక్కడ కూడా సాధారణంగా మూడు ఏ-లెవెల్ (మన ఇంటర్ లాంటి చదువు) సబ్జెక్టుల గ్రేడ్ల మీదనే సీటు ఇస్తారు, నాలుగో సబ్జెక్టు చదివినవారికి ఎక్కువ కళాశాలలు ప్రత్యేకంగా మొగ్గు చూపవు. మూడింటిలో గ్రేడ్ తగ్గించుకుని నాలుగోది మోయవద్దనే అక్కడి ఉపాధ్యాయులు కూడా పిల్లలకు చెబుతారు. మనకు పరిచయ వ్యాసమూ లేదు, ఇంటర్వ్యూ కూడా లేదు, ఉన్నది ఓఎంఆర్ పత్రం ఒక్కటే. కాబట్టి ఆ సలహా మనకు రెండు విధాలా వర్తించదు.

నీట్ రాసేవారందరూ ఎంబీబీఎస్‌లోనే చేరరు కాబట్టి, భాష నిజంగానే లెక్కలోకి వచ్చే దారులు కొన్ని ఉన్నాయని కూడా ఇక్కడే చెప్పాలి. యునానీ వైద్యంలో బీయూఎంఎస్ చదవాలంటే పదో తరగతిలో ఉర్దూ, అరబీ, పారశీకాలలో ఏదో ఒకటి చదివి ఉండాలి, లేకపోతే ఉర్దూ పరీక్ష విడిగా నెగ్గాలి. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ యునానీ వైద్య కళాశాల ఉంది కదా, మన జిల్లాలో ఉర్దూ చదువుకున్న పిల్లలకు అది తెరిచి ఉన్న తలుపు. ఆ మాట చెప్పేవారు లేక చాలామంది దానిని తలచుకోవడం కూడా లేదు. సిద్ధ వైద్యంలో బీఎస్ఎంఎస్‌కు తమిళం కావాలి, ముందు చదవకపోతే మొదటి ఏడాదిలో చదవవలసి వస్తుంది. ఆయుర్వేదంలో బీఏఎంఎస్ మొదటి సంవత్సరంలోనే సంస్కృతం పాఠ్యాంశంగా ఉంటుంది, కాబట్టి బీఏఎంఎస్ వైపు మొగ్గు ఉన్న విద్యార్థి ఇంటర్‌లో సంస్కృతాన్ని శ్రద్ధగా చదివితే ఆ శ్రమలో ఒక్క గంట కూడా వృథా కాదు.

శ్రద్ధగా అన్న మాట ఎందుకు వాడానో మీకు తెలుసు. ఇంటర్‌లో సంస్కృతం తీసుకునే పిల్లల్లో సంస్కృతం నేర్చుకునేవారు ఎందరో తల్లిదండ్రులకు, అధ్యాపకులకు, పిల్లలకు అందరికీ తెలిసిన రహస్యమే. దేవనాగరి లిపి తడుముకోకుండా చదవడం రాని విద్యార్థి కూడా నూటికి తొంభై ఎనిమిది తెచ్చుకోగలుగుతున్నాడు. తిక్కన మన నెల్లూరివాడని ప్రతి సభలోనూ చెప్పుకుంటాం. ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం మైసూరు నుంచి మన వెంకటాచలానికి తరలివచ్చిందని గర్వపడ్డాం. అదే నెల్లూరులో బైపీసీ సెక్షన్లకు సెక్షన్లే అడ్మిషన్ నాడే సంస్కృతంలో చేరిపోతున్నాయి, ఏ భాష కావాలని విద్యార్థిని అడిగే ఆచారం కూడా చాలాచోట్ల పోయింది. దీనికి నేను పిల్లలను తప్పుపట్టను. తక్కువ శ్రమతో గట్టెక్కే భాష తీసుకుని, మిగిలిన సమయం జంతుశాస్త్రానికో భౌతికశాస్త్రానికో పెట్టుకోవడం నీట్ రాసే విద్యార్థికి తెలివైన పనే. ఆ లెక్క వేసేటప్పుడు ఒక్క అంకెను మరిచిపోతున్నారని మాత్రం నా ఫిర్యాదు. తెలుగుకు పెట్టవలసిన అదనపు సమయం ఎంత? పదో తరగతి దాకా తెలుగు చదివిన విద్యార్థికి వారంలో రెండు, మూడు గంటలకు మించదు. ఆ గంటలకు బదులు అతనికి మిగిలేదేమిటో ఇప్పుడు చెబుతాను.

నేను జనరల్ మెడిసిన్ విభాగంలో పనిచేసే రోజుల్లో, ఆలిండియా కోటాలో రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక కుర్రవాడు మా యూనిట్‌లో హౌస్ సర్జన్‌గా ఉండేవాడు. బుద్ధిమంతుడు, కష్టజీవి. తెల్లకోటు జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, అందులో దేవనాగరి లిపిలో తెలుగు ప్రశ్నలన్నీ రాసుకున్నాడు. ‘నొప్పి ఎక్కడమ్మా?’, ‘ఎన్నాళ్ల నుంచి?’, ‘జ్వరం ఉందా?’ అని చక్కగా అడిగేవాడు. ఒకరోజు ఓపీకి పెన్న అవతలి పల్లె నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. అతను తన ప్రశ్నలు అడిగాడు. ఆమె చెప్పిన సమాధానం నాకు ఇప్పటికీ గుర్తుంది. ‘మొన్న అమాసకు ముందు పట్టుకునింది నాయనా. కాలవ గట్టెక్కి నాలుగడుగులేస్తే రొమ్ములో బిగదీస్తా ఉండాది, కాసేపు కూర్చుంటే పోతా ఉండాది. మా కోడలు గ్యాసులే అంటా ఉండాది’ అంది. ఆ మూడు వాక్యాల్లో అతనికి చెవిన పడిన మాట ‘గ్యాసు’ ఒక్కటే. చీటీ మీద గ్యాసు మాత్ర రాయబోతుంటే పక్కనే బీపీ చూస్తున్న సిస్టరు, ‘సార్, ఒక ఈసీజీ తీయించి చూద్దామా’ అని మెల్లగా అడ్డుపడింది.

వైద్యం చదువుకున్నవారు ఎవరైనా ఆ పెద్దావిడ మాటలు వినగానే లేచి కూర్చుంటారు. నడిస్తే గుండెల్లో బిగపట్టడం, ఆగితే తగ్గడం, కొత్తగా మొదలవడం: పాఠ్యపుస్తకంలో గుండె రక్తనాళాల జబ్బుకు ఏ వర్ణన ఉందో అదంతా ఆమె పొల్లుపోకుండా చెప్పింది. కుర్రవాడికి పాఠం రాక కాదు, రేపు ఎండీ ప్రవేశపరీక్షలో ఇదే ప్రశ్న వస్తే అతను అందరికంటే ముందు జవాబు గుర్తిస్తాడు. అతను అడగడం నేర్చుకున్నాడు, వినడం నేర్చుకోవడానికి వ్యవధి దొరకలేదు. రోగి కాలాన్ని తేదీలతో చెప్పదు, అమావాసతో, వరికోతలతో, రొట్టెల పండగతో చెబుతుంది. దూరాన్ని మీటర్లతో చెప్పదు, కాలవ గట్టుతో చెబుతుంది. వాక్యాలు బట్టీపడితే ఇది పట్టుబడదు, ఆ భాషలో కొంతకాలం మెలిగి ఉండాలి.

ఇది రాజస్థాన్ పిల్లవాడి కథ మాత్రమే అనుకుంటే పొరపాటు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీషు మీడియంలో చదివి, పదో తరగతి తర్వాత రెండేళ్లు హాస్టల్ గోడల మధ్య ఉండి, ఇంటికి వస్తే ఫోన్ చూసుకునే మన పిల్లలు కూడా రేపు ఇదే ఓపీలో కూర్చుంటారు. వారికి వచ్చిన తెలుగు టీవీ తెలుగు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము బిగుసుకుపోయిన రైతు తన బాధ చెప్పే తీరు, దోర్నాల అడవి అంచు నుంచి వచ్చిన చెంచు తల్లి తన బిడ్డ గురించి చెప్పే తీరు, చెరువు గట్టున ఉండే యానాది కుటుంబం వాడే మాటలు టీవీలో వినిపించవు. మాటలు అర్థమైనా రాయడం దగ్గర మళ్లీ చిక్కు వస్తుంది. మాత్రల కవరు మీద ‘పరగడుపున ఒకటి, రాత్రి అన్నం తిన్నాక ఒకటి’ అని తప్పు లేకుండా తెలుగులో రాయలేక, ఇంగ్లీషులో గీసి పంపే తెలుగు డాక్టర్లను నేను చూశాను. ఇంటికి వెళ్లాక ఆ కవరును చదవవలసింది ఏడో తరగతి చదువుతున్న మనవరాలు.

ఇంటర్ తెలుగు పుస్తకం ఇదంతా నేర్పుతుందా అని మీరు అడగవచ్చు. నేర్పదు. అందులో పద్యాలకు ప్రతిపదార్థాలు, సంధులు, సమాసాలు, వ్యాసాలు ఉంటాయి. రొమ్ములో బిగదీయడం గురించి ఒక్క ముక్క ఉండదు. ఆ పుస్తకం చదివితే మంచి డాక్టరైపోతారని చెప్పడానికి నేను ఇక్కడికి రాలేదు. అది చేసే మేలు చిన్నది, అయినా నిలిచేది: పదహారు, పదిహేడేళ్ల వయసులో తెలుగు చదవడం, రాయడం చేతిలోంచి జారిపోకుండా రెండేళ్లు పట్టి ఉంచుతుంది. మిగతాది సెలవుల్లో అమ్మమ్మ ఊరిలోనో, సంతలోనో, పల్లెవెలుగు బస్సులోనో చెవికి పట్టించుకోవాలి. ఇక్కడే ప్రాక్టీసు చేయాలనుకునే విద్యార్థికి రెండో భాషగా తెలుగు తీసుకోవడం నా దృష్టిలో అదనపు భారం కిందికే రాదు, ఎలాగూ ఏదో ఒకటి నింపవలసిన చోట అక్కరకు వచ్చేదాన్ని నింపుకున్నట్టు లెక్క.

2025-26 విద్యాసంవత్సరం నుంచి మన రాష్ట్రంలో ఇంటర్ మొదటి సంవత్సరానికి కొత్త విధానం వచ్చింది. అందులో ఇంగ్లీషు తప్పనిసరి, రెండో భాష ఉండే చోట భాషనైనా వేరే సబ్జెక్టునైనా ఎంచుకునే వీలు ఇచ్చారు, గణితం, జీవశాస్త్రం రెండూ కలిపి చదివే ఎంబైపీసీ కూడా పెట్టారు. దానివల్ల ఈ ప్రశ్న ఇంకా సూటిగా మన ముందుకు వచ్చింది. ఇంతవరకు ఏ భాష తీసుకోవాలని ఆలోచించేవాళ్లం, ఇప్పుడు అసలు భాష అవసరమా అని ఆలోచించాలి. గణితం మీద నిజంగా ఇష్టం ఉండి, ఇంజినీరింగ్ దారిని కూడా తెరిచి ఉంచుకోవాలనుకునే విద్యార్థి దాన్ని తీసుకుంటే నాకు అభ్యంతరం లేదు. రెండు పడవల మీద కాళ్లు పెట్టించాలని తల్లిదండ్రులు తీసుకునే నిర్ణయమైతే మాత్రం నేను తెలుగు వైపే ఉంటాను.

ఇక హిందీ, ఉర్దూ, తమిళం. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటాలో నిండుతాయి కాబట్టి, మన పిల్లలు జైపూర్‌లోనో పట్నాలోనో చేరే అవకాశం ఉంది. అక్కడ మన అమ్మాయే జేబులో పుస్తకం పెట్టుకుని తిరగవలసి వస్తుంది. వైద్యవిద్యను నియంత్రించే జాతీయ వైద్య కమిషన్‌కు ముందున్న భారత వైద్య మండలి ఈ సంగతి గుర్తించింది. 2019లో కొత్త పాఠ్యప్రణాళిక మొదలైనప్పుడు ఎంబీబీఎస్ ఆరంభంలో 175 గంటల ఫౌండేషన్ కోర్సు పెట్టి, అందులో 40 గంటలు భాషకు, కంప్యూటర్ నైపుణ్యాలకు కేటాయించారు. స్థానిక భాష రాని విద్యార్థికి అది ఊపిరి పీల్చుకునే వ్యవధి అయింది. ఇవాళ నీట్ కూడా రాయకుండా, ఏ రాష్ట్రంలో సీటు వస్తుందో తెలియకుండా, ముందే హిందీ మీదో తమిళం మీదో పడడం వల్ల లాభం లేదు. సీటు ఖాయమైన రోజున ఆ ఊరి భాష మొదలుపెట్టండి. మన జిల్లా 1953 అక్టోబర్ 1 దాకా మద్రాసు రాష్ట్రంలోనే ఉండేది. ఆ తరం డాక్టర్లు మద్రాసులో చదువుకుని, వార్డుల్లోనే తమిళం నేర్చుకుని, తిరిగి వచ్చి ఇక్కడ తెలుగులో వైద్యం చేశారు. కాలేజీలో చేరకముందే తమిళం నేర్చుకున్నవారెవరూ నాకు తారసపడలేదు.

హిందీ ప్రచారసభ పరీక్షల గురించి రాసిన తల్లి ఇక్కడే ఉన్నారనుకుంటాను. అమ్మా, మీ పాప ప్రవేశిక దాకా వచ్చిందని రాశారు. అంటే ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష దాటి వచ్చిందన్న మాట. రోగితో మాట్లాడడానికి కావలసిన పునాది రాష్ట్రభాష స్థాయిలోనే పడిపోయింది. విశారద, ప్రవీణలలో ఉండేది సాహిత్యం, అది ఎక్కడికీ పోదు, ఫిబ్రవరిలోనూ ఆగస్టులోనూ ఆ పరీక్షలు వస్తూనే ఉంటాయి. ఈ రెండేళ్లు నిశ్చింతగా ఆపండి. మన ఊళ్లో ఉర్దూ వినిపించే కోటమిట్ట వైపు ఉండేవారి పిల్లలకు, వారి ఇరుగుపొరుగు పిల్లలకు ఉర్దూ చెవిలో ఉంటుంది. దానికి కోచింగ్ అక్కర్లేదు, మాట్లాడడానికి సిగ్గుపడకుండా ఉంటే చాలు. ఓపీలో బురఖాలో వచ్చిన తల్లి తన భాషలో ఒక ప్రశ్న వినగానే ఎంత ధైర్యంగా నోరు విప్పుతుందో నేను ఎన్నోసార్లు చూశాను.

చీటీల్లో ఎక్కువ ఆశలు కనిపించింది జర్మన్ మీద. జర్మనీలో డాక్టర్ల కొరత ఉందని, ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో ఫీజు నామమాత్రమని మీరు విన్నది చాలావరకు నిజమే. అయితే అక్కడ వైద్యవిద్య జర్మన్ భాషలోనే సాగుతుంది. మన ఇంటర్‌తో నేరుగా చేరడం సాధ్యం కాదు, స్టూడియన్‌కొలెగ్ అనే సన్నాహక కోర్సు పూర్తిచేయాలి. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. విదేశాల్లో ఎంబీబీఎస్‌కు సమానమైన చదువు చదివి వచ్చేవారికి జాతీయ వైద్య కమిషన్ 2021లో చేసిన నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు ఉండాలి, బోధన ఇంగ్లీషులో సాగాలి. జర్మన్‌లో చదివిన విద్యార్థి తిరిగి వచ్చి నెల్లూరులో బోర్డు పెట్టుకోవాలంటే ఈ నిబంధన దగ్గరే ఆగిపోతాడు. కాబట్టి ఇంటర్ తర్వాత జర్మనీ అనే దారి వెళ్లేవారికే గాని తిరిగి వచ్చేవారికి కాదు.

ఎంబీబీఎస్ ఇక్కడ చదివి, తర్వాత జర్మనీ వెళ్లే దారి వేరు. దానికి బీ2 స్థాయి (ఏ1 నుంచి సీ2 దాకా ఉండే ఆరు మెట్లలో నాలుగోది) జర్మన్ కావాలి, ఆ పైన వైద్యభాషలో ప్రత్యేక పరీక్ష ఉంటుంది. ఆ పరీక్ష గంటసేపు సాగుతుంది: ఇరవై నిమిషాలు రోగితో మాట్లాడాలి, ఇరవై నిమిషాలు కేసు రాయాలి, ఇరవై నిమిషాలు మరో డాక్టరుకు ఆ కేసును వివరించాలి. ఎంత చక్కటి పరీక్షో చూడండి, మన హౌస్ సర్జన్లకు తెలుగులో ఇలాంటిది పెడితే బాగుండునని నాకు ఎప్పుడూ అనిపిస్తుంది. సరే, ఇప్పుడు గంటల లెక్క వేద్దాం. జర్మన్ నేర్పే గొయ్‌తె సంస్థ అంచనా ప్రకారం బీ2 చేరడానికి 45 నిమిషాల పాఠాలు 600 నుంచి 800 దాకా కావాలి, అంటే తక్కువలో తక్కువ 450 గంటలు. మీ అబ్బాయి ఇంటర్ రెండేళ్లలో వారానికి నాలుగు గంటల చొప్పున 80 వారాలు పెట్టాడనుకోండి, 320 గంటలు అవుతాయి. బీ1 గుమ్మం దగ్గరికి వస్తాడు, బీ2 అందదు. పొద్దున ఐదున్నరకు లేపి రాత్రి పదిన్నర దాకా స్టడీ అవర్లు నడిపే కాలేజీలో ఆ నాలుగు గంటలు ఎక్కడి నుంచి వస్తాయి? నిద్రలోంచి వస్తాయి, లేకపోతే ఫిజిక్స్ లెక్కల్లోంచి వస్తాయి. ఆ తర్వాత ఎంబీబీఎస్ నాలుగున్నరేళ్లు, ఇంటర్న్‌షిప్ ఒక సంవత్సరం. ఐదున్నరేళ్లు వాడని బీ1 ఎంత మిగులుతుందో, స్కూల్లో హిందీ చదివి వదిలేసిన మనందరికీ తెలుసు. జర్మనీ ఆలోచన గట్టిగా ఉంటే ఎంబీబీఎస్ మూడో ఏడాది నుంచి మొదలుపెట్టమనండి, హైదరాబాద్‌లోనూ మద్రాసులోనూ గొయ్‌తె కేంద్రాలున్నాయి, ఆన్‌లైన్ తరగతులూ ఉన్నాయి.

ఇంగ్లండ్ వెళ్లేవారికి ఈ మాట ఇంకా గట్టిగా వర్తిస్తుంది. అక్కడి జనరల్ మెడికల్ కౌన్సిల్ ఐఈఎల్టీఎస్ అనే ఇంగ్లీషు పరీక్షలో మొత్తం మీద 7.5, ఒక్కో విభాగంలో కనీసం 7 అడుగుతుంది, లేదంటే వైద్యవృత్తికి ఉద్దేశించిన ఓఈటీ పరీక్షలో నాలుగు విభాగాల్లోనూ బీ గ్రేడ్ కావాలి. ఐఈఎల్టీఎస్ ఫలితం సాధారణంగా రెండేళ్లే చెల్లుతుంది. ఇంటర్ తర్వాత సెలవుల్లో ఐఈఎల్టీఎస్ రాయించి ఫైల్లో పెట్టుకుంటామని ఒక చీటీలో రాశారు. పిల్లవాడు రెండో సంవత్సరం పాథాలజీ గట్టెక్కేలోపే ఆ కాగితానికి కాలం చెల్లిపోతుంది. ఆ డబ్బుతో మంచి స్టెతస్కోపు కొనివ్వండి.

వైద్యశాస్త్రంలో మాటలన్నీ లాటిన్, గ్రీకు నుంచి వచ్చాయి కాబట్టి ఆ భాషలు కొంచెం నేర్పితే తేలిక కదా అని ఇద్దరు అడిగారు. అనాటమీ మొదటి మూడు నెలల్లో ఆ ధాతువులు వాటంతట అవే నోటికి వస్తాయి, దానికి విడిగా ఏ ఏర్పాటూ అక్కర్లేదు. తెలుగు మీడియం పిల్లలకు మాత్రం ఒక్క మాట. నీట్ తెలుగులో రాసే వీలుంది, ఆంధ్ర, తెలంగాణ కేంద్రాల్లో ప్రశ్నపత్రం తెలుగు, ఇంగ్లీషు రెండింటిలో ఇస్తారు, అనువాదంలో తేడా వస్తే ఇంగ్లీషు ప్రశ్నే ప్రామాణికం. అందువల్ల మీకు అదనపు భాష ఏదైనా కావాలంటే అది ఇంగ్లీషే. తెలుగు అకాడమీ పుస్తకం చదివిన ప్రతి అధ్యాయాన్ని ఎన్‌సీఈఆర్‌టీ ఇంగ్లీషు పుస్తకంలో మరోసారి చదవండి. ఎంబీబీఎస్‌లో చేరిన మొదటి వారం నుంచే అది మీకు కొమ్ముకాస్తుంది.

అయితే భాష నేర్చుకోవడానికి తగిన కాలమంటూ లేదా? ఉంది, మన ఇళ్లలో ఎవరూ దాన్ని వాడుకోరు. నీట్ మే నెలలో అయిపోతుంది. ఫలితాలు, కౌన్సెలింగ్ రౌండ్లు ముగిసి తరగతులు మొదలయ్యేసరికి నెలలు గడుస్తాయి. ఆ రోజుల్లో పిల్లలు నిద్రపోవాలి, సినిమాలు చూడాలి, నాకు తెలుసు. ఒక నెల అలాగే పోనివ్వండి. ఆ తర్వాత ఏ దారిలో వెళ్లబోతున్నారో స్థూలంగా తేలిపోతుంది కాబట్టి, రోజుకు గంటన్నర ఆ దారిలో ఎదురయ్యే భాషకు పెడితే చేరిన వెంటనే అది వాడుకలోకి వస్తుంది. ఈ జిల్లాలోనే సీటు వచ్చినవారు తెలుగు చేతిరాతను బాగుచేసుకోండి. ఎంబీబీఎస్‌లో ఇప్పుడు ప్రతి విద్యార్థికీ పల్లెలో కొన్ని కుటుంబాలను దత్తత ఇస్తున్నారు, మొదటి సంవత్సరం నుంచే వారి ఇళ్లకు వెళ్లాలి. వాకిట్లో మంచం వాల్చి కూర్చోబెట్టి మాట్లాడే ఆ ఇంటివాళ్లే మీకు భాషలో మొదటి పరీక్షాధికారులు.

ఇంత చెప్పినా, కొందరు పిల్లలకు భాషలంటే ప్రాణం. ఫ్రెంచో జపనీసో సొంతంగా ఫోన్‌లో నేర్చుకుంటూ ఉంటారు. అలాంటి బిడ్డ రోజుకు అరగంట ఆ పని చేస్తుంటే వైద్యానికి పనికొస్తుందా అని నిలదీయవద్దు. క్యారమ్స్ ఆడే పిల్లవాడిని అలా అడగం కదా.

చివరిగా కిర్గిజ్‌స్తాన్ చీటీ. అయ్యా, మీ అబ్బాయికి ఇంకా నీట్ కాలేదు. విదేశం వెళ్లాలన్నా నీట్‌లో అర్హత తప్పనిసరి, తిరిగి వచ్చాక 300 ప్రశ్నల స్క్రీనింగ్ పరీక్షలో 150 తెచ్చుకోవడం అంతకంటే కష్టమైన పని. అందుకని ఇప్పుడు రష్యన్ పుస్తకం తెరవనివ్వకండి. ఫలితం వచ్చాక వెళ్లడమే ఖాయమైతే, విమానం ఎక్కేలోపు 33 రష్యన్ అక్షరాలు, అంకెలు, పలకరింపులు, శరీరభాగాల పేర్లు వస్తే చాలు. డబ్బు కట్టే ముందు మాత్రం ఏజెంటును ఒక ప్రశ్న అడగండి: ఆ కాలేజీ ఆస్పత్రికి వచ్చే రోగులు ఏ భాష మాట్లాడతారు? బిష్కెక్‌లో రష్యన్, కిర్గిజ్ రెండూ వినిపిస్తాయి, జార్జియాలో జార్జియన్, ఫిలిప్పీన్స్‌లో ఊరిని బట్టి మారుతుంది. ‘అంతా ఇంగ్లీషేనండీ’ అని జవాబు వస్తే ఆయన పాఠాల గదిని గురించి చెబుతున్నాడు గాని వార్డును గురించి కాదు. అప్పుడు మన జిల్లా నుంచి అక్కడికి వెళ్లి నాలుగో సంవత్సరంలో ఉన్న విద్యార్థి నంబరు తీసుకుని, మీరు కాకుండా మీ అబ్బాయినే మాట్లాడనివ్వండి. ఇంకా ఎవరికైనా సందేహాలుంటే మైకు ఆ వరుస నుంచి మొదలుపెట్టి తిప్పమని నిర్వాహకులను కోరుతున్నాను.